గంటసేపు ఊరికే కూర్చోవడం

"ఆవిడకి తీరికెక్కడిదీ?" అన్నారు మా ఆయన, నా తరఫున.

నేను అక్కడే ఉన్నాను. వాళ్ళిద్దరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని టీ అందిస్తున్నాను. మధ్యాహ్నం వంటకి అరటికాయలు చెక్కు తీస్తూ మధ్యలో లేచి వచ్చానేమో, చేతులకి జిగురు ఇంకా పోలేదు. పచ్చి అరటికాయ జిగురు ఒక పట్టాన వదలదు. టీ తాగుతున్న పిల్ల హెల్త్ సెంటర్‌లో పనిచేసే జస్టీన్. మా చుట్టుపక్కల మంచం పట్టినవాళ్ళూ, గుమ్మం దాటలేనివాళ్ళూ ఎక్కువయ్యారట. వాళ్ళకి మందులిచ్చే వాళ్ళున్నారు గానీ పక్కన కూర్చుని పలకరించేవాళ్ళు లేరట. అరవై దాటి, కాళ్ళూ చేతులూ ఆడుతున్నవాళ్ళని పోగుచేసి, నాలుగు వారాలు నేర్పించి, వారానికి రెండుసార్లు గంట చొప్పున ఒకరి దగ్గర తోడు కూర్చోబెడతారట. మా ఆయన ముప్పై ఏళ్ళు ఈ ఊరి బడికి హెడ్మాష్టరు. ఆయన చేరితే మిగతావాళ్ళు వెనకే వస్తారని ఆ పిల్ల ఎత్తు. ఆయన గొంతు సవరించుకుని, ముసలితనంలో మనిషికి ఏం కావాలో పావుగంట చెప్పి, చేరతానన్నారు. అప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగి "మరి మీరు రారా జాజా?" అంది. మా దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు, అవ్వనైనా తాతనైనా. దానికి మా ఆయన ఇచ్చిన జవాబు అది.

"నేనడిగింది ఆవిణ్ణి మేష్టారూ," అంది జస్టీన్ నవ్వుతూనే.

నన్ను అడిగిన ప్రశ్నకి నేనే జవాబు చెప్పాల్సి రావడం అలవాటు లేని పని. డాక్టరు "ఎక్కడమ్మా నొప్పి?" అంటే "మోకాలండీ" అని ఆయనే చెబుతారు. పక్కింటివాళ్ళు "కూరలో ఉప్పెంత వేశావు పెరూసీ?" అంటే "ఈమధ్య ఎక్కువే వేస్తోంది" అని ఆయనే చెబుతారు. ఆయన చెడ్డమనిషి కాదు. చెయ్యెత్తలేదు, తాగలేదు, జీతం తెచ్చి ఇంట్లోనే పెట్టారు. ఇవి లేకపోవడమే అదృష్టమని మా అమ్మా, అత్తగారూ, చర్చిలో ఆడవాళ్ళూ చెబుతూ వచ్చారు, నేనూ నమ్ముతూ వచ్చాను. ఇరవై రెండేళ్ళు బడిలో టీచర్లందరికీ మధ్యాహ్నం వంట చేశాను, హెడ్మాష్టరు భార్య చెయ్యక ఎవరు చేస్తారని. జీతం మాట ఎవరూ ఎత్తలేదు, నాకూ తోచలేదు. ఆయన రిటైరైన రోజు సన్మానంలో పదకొండు మంది మాట్లాడితే, ఒకాయన మాత్రం "అమ్మగారి వేరుశనగ గింజల పులుసు మర్చిపోలేం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనకాల అదే పులుసు వడ్డిస్తున్నాను.

"వస్తాను," అన్నాను.

మా ఆయన కప్పు కింద పెట్టి "సరే, రా. నీకే తెలుస్తుంది," అన్నారు.

మొదటి మంగళవారం చర్చి హాల్లో పద్నాలుగు మందిమి చేరాం. మగవాళ్ళు ఐదుగురు, ఆడవాళ్ళు తొమ్మిది మంది. జస్టీన్ పద్నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి పెట్టింది. మగవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మేము తెచ్చుకున్న చాపలు పరుచుకుని కింద కూర్చున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. జస్టీన్ తొమ్మిది ఖాళీ కుర్చీల వంకా మా వంకా చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"జాజాలూ, మీరు కలవబోయే మనిషి మంచం మీద ఉంటుంది. మీరు కింద కూర్చుంటే ఆవిడకి మీ నెత్తి తప్ప ఏం కనిపించదు. కళ్ళల్లోకి చూసేలా కూర్చోవాలి."

"మా మేష్టారి ముందు కుర్చీ ఎక్కమంటావా?" అంది యునియా. యునియా నా స్నేహితురాలు. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పట్నుంచీ దానికి నోటికి తాళం లేదు. "పైన దేవుడు, కింద మేష్టారు. మధ్యలో కుర్చీ వేసుకుంటే మాకు పాపం కాదూ?"

ఐదుగురు మగవాళ్ళూ నవ్వారు. మేమూ నవ్వి, నవ్వుల చాటున కుర్చీలెక్కాం. కూర్చున్నానే గానీ అంచు మీదే కూర్చున్నాను. టీ వేళయ్యేసరికి లేచి కెటిల్ దగ్గరికి మొదట వెళ్ళింది నేనే.

నియమాలు నాలుగే. ఎదుటివాళ్ళు చెప్పింది మధ్యలో ఆపకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. విన్నది బయట చెప్పకూడదు. నాలుగోది వినగానే మా వరస అంతా గుసగుసలు. వెళ్ళిన ఇంట్లో ఏ పనీ ముట్టుకోకూడదు.

"ఏ పనీ అంటే?" అంది యునియా.

"ఏ పనీ. ఊడవడం, కడగడం, నీళ్ళు తేవడం, వండటం. దానికి వేరే ఏర్పాటు చేస్తున్నాం. మీరు గంటసేపు ఊరికే కూర్చోవాలి."

"ఊరికే కూర్చోవడానికి నాలుగు వారాలు నేర్పాలా!" అన్నారు మా ఆయన. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

నాలుగు వారాలూ చాలేలా కనిపించలేదు. రెండో వారం మా ఆడవాళ్ళని ముగ్గురేసి చొప్పున మూడిళ్ళకి పంపింది. యునియా, నేనూ, ఇంకొకావిడా పాత దర్జీ మతియా ఇంటికి వెళ్ళాం. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళం కదా, ఉప్పూ, సబ్బూ, ఒక అరటి అత్తమూ పట్టుకెళ్ళాం. మోకాళ్ళ మీద కూర్చుని ముసలాయన్ని పలకరించాం. పలకరింపులు అయ్యాక ఒక నిమిషం నిశ్శబ్దం వచ్చింది. ఆ నిమిషంలో నాకు మూలనున్న ఎంగిలి పళ్ళేలు కనిపించాయి. యునియాకి వాకిలి కనిపించింది. గంట తర్వాత జస్టీన్ వచ్చేసరికి వాకిలి అద్దంలా ఉంది, బట్టలు తీగ మీద ఆరుతున్నాయి, చిక్కుళ్ళు ఒలిచి కుండలో పడ్డాయి. ముసలాయన మాత్రం మంచం మీద ఒక్కడే, పైకప్పు చూస్తూ ఉన్నాడు.

"ఎలా ఉన్నారు జాజా, బాగా తోడున్నారా?" అని అడిగింది జస్టీన్.

"చాలా బాగా చేశారమ్మా," అన్నాడాయన. "ఇంతకీ ఎవరు వాళ్ళు?"

మిగతా రెండిళ్ళలోనూ ఇదే కథ. తొమ్మిది మందిమీ తప్పాం. ఐదుగురు మగవాళ్ళూ గట్టెక్కారు. మా ఆయన గంటంతా కాలు కదపకుండా కూర్చున్నారని, కుర్చీ కూడా జరపలేదని జస్టీన్ మెచ్చుకుంది. ఆయన కూర్చోవడంలో ఆరితేరినవాడని నాకు తెలియదూ! ఆయన గంటంతా మాట్లాడారనీ, అవతలి ముసలాయన వినీ వినీ నిద్రపోయాడనీ తర్వాత తెలిసింది గానీ, నియమం ప్రకారం పని ముట్టుకోలేదు కాబట్టి తప్పు కాదు.

జస్టీన్ మమ్మల్ని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పింది. "ఇంకొక్కసారి ఒక్కొక్కళ్ళనీ విడిగా పంపుతాను. అప్పుడు కూడా కూర్చోలేకపోతే బాధపడకండి, వంట జట్టులో వేస్తాను. నెలకోసారి ముసలివాళ్ళందర్నీ ఇక్కడికి తీసుకొస్తాం. వాళ్ళకి వండిపెట్టాలి కదా."

వంట జట్టు! ఇరవై రెండేళ్ళు బడికి, నలభై ఏళ్ళు ఇంటికి, పెళ్ళిళ్ళకి, చావులకి, బిషప్పు వచ్చినప్పుడల్లా చర్చికి. ఇప్పుడు అరవై రెండో ఏట, నా అంతట నేను వస్తానన్న ఒకే ఒక్క చోట కూడా గరిటె చేతికిస్తారా? ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన తన స్నేహితుడికి దర్జీ ఇంటి సంగతి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వారు. "వంట జట్టయితే మటుకు మా పెరూసికి సాటి లేరు," అన్నారు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, తప్పినందుకు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుస్తూనే అంట్లు తోమాను.

మర్నాటి నుంచి ఇంట్లో సాధన మొదలుపెట్టాను. వెనక వసారాలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. "పెరూసీ, కళ్ళజోడు!" కళ్ళజోడు ఆయన చేతికందే బల్ల మీదే ఉంటుంది. "పెరూసీ, రేడియో కాస్త పెంచు." "పెరూసీ, ఎవరో వచ్చారు చూడు." మూడో రోజున పదకొండు నిమిషాలు కూర్చోగలిగాను. పన్నెండో నిమిషంలో ఆయన ఎందుకో వెనక్కొచ్చి నన్ను చూసి నిలబడిపోయారు.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి కూర్చున్నావేం?"

లేచాను. ఆయనా, మా దగ్గరుండే మనవలిద్దరూ పిలవనప్పుడు ఇల్లే పిలిచేది. ఆ మూల బూజు, ఈ మూల తడి, పొయ్యి మీద మూత. కూర్చోగానే కాళ్ళలోకి ఏదో భయం పాకేది. ఎవరైనా చూస్తే? ఎవరు చూస్తారు, మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. "కూర్చున్న కోడలు బోర్లించిన కుండ" అనేది ఆవిడ, నేను కాపురానికొచ్చిన కొత్తలో. ఆవిడే చివరి తొమ్మిదేళ్ళు మా ఇంట్లో మంచం మీద ఉంది. ఒళ్ళు తుడిచాను, జావ తాగించాను, పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాను. అలాంటి కోడలు ఊళ్ళో లేదన్నారు. ఆవిడ ఒక్కోసారి నా చెయ్యి పట్టుకుని "కాసేపు కూర్చోవే," అనేది. నేను కూర్చోలేదు. నన్ను పరీక్షిస్తోందనుకున్నాను. కూర్చుంటే కొడుకుతో చెబుతుందనుకున్నాను. బోర్లించిన కుండ అంటుందనుకున్నాను. "పనుందత్తా," అని దుప్పటి సర్ది వచ్చేసేదాన్ని. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా కూర్చోలేదు.

నా పరీక్ష శుక్రవారం పడింది. పండగలకీ పెళ్ళిళ్ళకీ వేసుకునే పొడుగు గౌను, బుసూటి, పెట్టెలోంచి తీసి తొడుక్కుని, నడుముకి పట్టీ బిగించి వెళ్ళాను. ఆవిడ పేరు మిరికా నంటబా. ఎనభై దాటింది, నడుము కింద కాళ్ళు లేనట్టే. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా నాలోంగో అని గౌరవంగా పిలుస్తారు. కాఫీ తోట వెనక ఒంటి గది ఇల్లు. మనవరాలు పొద్దున్నే సంతకి వెళ్ళి సాయంత్రం గానీ రాదు. నేను వెళ్ళేసరికి వాకిట్లో చాప మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. గదిలో రెండు కప్పుల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. నేను కప్పుల వైపు వీపు పెట్టి కుర్చీ వేసుకున్నాను. అంతవరకు తెలివి వచ్చింది.

ఆవిడ ముందు వాతావరణం గురించి చెప్పింది. తర్వాత మోకాళ్ళ గురించి. మధ్యలో ఆపకుండా విన్నాను. అంతలో వెలుతురు మారింది. గుమ్మంలోంచి చూస్తే సరస్సు వైపు నుంచి నల్లగా కమ్ముకొస్తోంది. బయట కాఫీ గింజలు! నా ప్రమేయం లేకుండానే నా కాళ్ళు లేచాయి.

"వెళ్తున్నావా?" అంది నాలోంగో.

"కాదమ్మా, వాన వస్తోంది. కాఫీ ఎత్తేసి క్షణంలో వస్తాను."

"వస్తావా? వచ్చి మళ్ళీ ఆ కప్పులు కడుగుతావు." ఆవిడ కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి. "అందరూ వస్తారమ్మాయ్. ఏదో ఒకటి ఎత్తుతారు, కడుగుతారు, వెళ్తారు. మా మనవరాలు బంగారం. నాకు రోజూ ఒళ్ళు తుడుస్తుంది. తుడిచేటప్పుడు నా మొహం చూడదు. ఈ మంచం కోళ్ళు ఎలా తుడుస్తుందో అలాగే తుడుస్తుంది. నేను మనిషిని కాదిప్పుడు, పనిని. రోజుకి రెండుసార్లు చెయ్యాల్సిన పనిని."

మొదటి చినుకు రేకు మీద పడింది. నేను కూర్చున్నాను. ఈసారి అంచు మీద కాదు. కూర్చోవడం మీద నాకున్న భయమంతా ఆ నిమిషంలో పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. చేతులు కుర్చీ పట్టుకుని ఉన్నాయి. వాన గింజల మీద పడుతున్న చప్పుడు వింటూ, కూర్చున్నాను. మా అత్తగారి చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు ఆవిడ నన్ను పరీక్షించలేదు, బతిమాలింది. ఆ సంగతి ఆరేళ్ళ తర్వాత ఎవరో ముసలావిడ చెబితే గానీ నాకు ఎక్కలేదు.

"ఏమైనా చెప్పమ్మా," అన్నాను.

ఆవిడ చాలాసేపు నా మొహమే చూసింది. "అందరూ నాలోంగో నాలోంగో అంటారు. కవలల తల్లీ అని. ఉన్నది బబిర్యే ఒక్కతే. రెండోది ఏమైందని ఈ ఊళ్ళో నన్నెవరూ అడగలేదు."

"ఏమైంది?" అన్నాను.

నకటో అని రెండోదాని పేరట. నాలుగేళ్ళకి తట్టు పోసి పోయిందట. అంతవరకే బయట చెప్పదగినది. మిగతాది ఆవిడ నాకిచ్చింది, నా దగ్గరే ఉంటుంది. వాన ఎప్పుడు వెలిసిందో మా ఇద్దరికీ తెలియదు.

తెలిసింది, వానకి సంత ముందే వదిలేసి మనవరాలు వచ్చినప్పుడే. తడిసి ముద్దయి, గుమ్మంలో నిలబడి, చాప వంకా నా వంకా చూసింది. "పెద్దదానివి, లోపల కూర్చుని చూస్తూ ఉన్నావా? రెండడుగులు వేసి లోపల పెట్టడానికి చేతులు పడిపోయాయా?"

ఆ మాట నిజమే. నాకు సిగ్గేసింది. ఆ గింజలు మళ్ళీ ఆరడానికి ఆ పిల్ల ఎన్ని రోజులు కాపలా కాయాలో నాకు తెలుసు. క్షమించమ్మా అనబోతుంటే నాలోంగో మంచం మీంచి అరిచింది. ఆ గొంతులో అంత బలముందని నేననుకోలేదు.

"నేనే లేవద్దన్నాను! కాఫీ మళ్ళీ ఆరుతుందే, నా దుఃఖం వినేవాళ్ళు లేకపోతే ఆరదు!"

పిల్ల వచ్చి మంచం అంచున కూర్చుంది, బుట్ట ఇంకా నెత్తి మీదే ఉంది. జస్టీన్ వచ్చేసరికి మేం ముగ్గురం అలాగే ఉన్నాం. నేను వెళ్తూ ఆ పిల్లకి క్షమాపణ చెప్పే వెళ్ళాను. తడిసిన గింజల సంగతి ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది. మళ్ళీ అలాంటి వాన వస్తే ఏం చేస్తానో నాకు నిజంగా తెలియదు.

మొత్తానికి గట్టెక్కాను. తొమ్మిది మందిలో ఆరుగురం గట్టెక్కాం. యునియా ఎక్కలేదు. "పోనీలే, వంట జట్టులో నోరు మూసుకోవాలన్న నియమం లేదుగా," అంది.

చివరి మంగళవారం హాల్లో మెళ్ళో బ్యాడ్జీలు వేశారు. మా ఆయన అందరి తరఫునా ధన్యవాదాలు చెప్పారు. తర్వాత జస్టీన్ ఒక కట్ట ఫారాలు తీసి బల్ల ముందు కూర్చుంది. "ఇప్పుడు మీరందరూ సాయం చెయ్యాలి. మాకు తెలియకుండా ఇళ్ళల్లో ఒంటరిగా మగ్గుతున్నవాళ్ళు ఎంతమందో! ఒక్కొక్కళ్ళూ మీకు తెలిసిన ఒక్క పేరు చెప్పండి. వాళ్ళకి తోడు పంపుతాం."

మా ఆయన చర్చి వెనకుండే వడ్రంగి పేరు చెప్పారు. మిగతా మగవాళ్ళు వాళ్ళ వాళ్ళ స్నేహితుల పేర్లు చెప్పారు. నా వంతు వచ్చింది. నేను పొరుగునున్న గుడ్డి అవ్వ పేరు చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. బల్ల ముందు కుర్చీ ఉంది. కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆ పేరు రాలేదు.

"పేరు, జాజా?" అంది జస్టీన్, కలం పట్టుకుని.

"పెరూసి."

"అదే మీ పేరు పైన రాశానండీ. మనకి కావలసినావిడ పేరు?"

"పెరూసే."

జస్టీన్ తలెత్తింది. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. మా ఆయన నవ్వడం వినిపించింది, ముందు నవ్వు, తర్వాత దగ్గు. "ఇదేం వేళాకోళం పెరూసీ? ఇంటినిండా మనుషులం. నేను లేనూ?"

నేను వెనక్కి తిరగలేదు. నాకు ఆయన మీద కోపం లేదు, కోపం వచ్చే వయసు దాటిపోయాను. అలసటగా ఉంది, అంతే. జస్టీన్ కొత్త ఫారం ఒకటి ముందుకు లాక్కుని, అందర్నీ అడిగినట్టే నన్నూ వరసగా అడిగింది.

"వయసు?"

"అరవై రెండు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"భర్త. పెద్దకూతురి పిల్లలిద్దరు."

"ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు లేక ఎన్నాళ్ళయింది?"

ఈ ప్రశ్నకి మాత్రం నా తరఫున ఎవరూ జవాబు చెప్పలేదు.

"మా పెళ్ళయి వచ్చే నెలకి నలభై రెండేళ్ళు," అన్నాను. "అదే రాయమ్మా."